పంచదారకి మాత్రమే తలుపు తీసిన గవరయ్య

తెలివిలేనివాడితో బాధ లేదు, తెలివి ఉందనుకునేవాడితోనే చావు. బొబ్బిలి దగ్గర బన్నుల బట్టీ పెట్టిన గవరయ్య, అతని తమ్ముడు పైడినాయుడు, గవరయ్య పెళ్ళాం సన్నమ్మ ఆ రెండో రకం. "ఊళ్ళో బుర్రలన్నీ కలిపినా మా ఇంటి బుర్రకి సరిరావు" అని చెప్పుకునేవాళ్ళు. చెప్పుకోవడానికి బుర్ర అక్కర్లేదు కదా.

ఆడపిల్లల హాస్టలుకి రోజూ రెండొందల బన్నులు కావాలని వార్డెనమ్మ కబురు పెట్టింది. మర్నాడు పొద్దున మొదటి విడత నచ్చితే ఏడాదంతా వీళ్ళవే. నచ్చకపోతే బట్టీ ఆర్పేసి ముగ్గురూ కూలికి పోవాలి.

బస్తా పంచదార దింపించి, పిండిలో ఎంత వెయ్యాలో అడగడానికి పక్కింటి సైన్సు పంతులమ్మ దగ్గరికి పోయారు.

"పిడికెడు చాలురా. పిండిని పొంగించేది ఈస్టు. దాని ఒంటినిండా పంచదార లాక్కునే తలుపులుంటాయి. పంచదార కరువైతే రేణువు రేణువునీ గట్టిగా పట్టే తలుపులు కొత్తగా పెట్టుకుంటుంది. దండిగా దొరికితే వాటిని పీకి లోపలికి లాక్కుని అరిగించేసుకుంటుంది, మామూలు తలుపులతో సరిపెట్టుకుంటుంది. కంటికి కనపడని ప్రాణికి ఆపాటి ఇంగితం ఉంది. చూసి నేర్చుకోండి."

నేర్చుకోమంటే ఇంకేముంది.

"ఇంట్లో బస్తా పంచదార ఉందిరా తమ్ముడూ. మరి తలుపు ఇంకా ఉందేం?" అన్నాడు గవరయ్య.

అంతే. వీధి తలుపు పీకారు.

"అరిగించుకోవాలి కదన్నా, నమలడమెలా?"

"మజ్జిగుంది కదా మరిదీ" అంది సన్నమ్మ.

తలుపుని రంపంతో కోసి, పొట్టు చేసి, మజ్జిగలో కలిపి తలో గ్లాసు తాగారు. కడుపులు పట్టుకుని దొర్లుతుంటే, తలుపు లేని గుమ్మంలోంచి మేకలొచ్చి ముప్పాతిక బస్తా ఖాళీ చేశాయి.

"పంచదార కరువొచ్చింది, తలుపులు పెంచండి" అన్నాడు గవరయ్య.

గునపాలు తీసి ముందు గోడకి రెండు, పక్క గోడలకి చెరొకటి కంతలు పొడిచారు. మేకలు ఈసారి మూడువైపులా వచ్చి మిగిలింది కూడా నాకేశాయి.

చప్పుడుకి పంతులమ్మ పరుగెత్తుకొచ్చింది. "ఓరి దద్దమ్మల్లారా, ఈస్టు పెట్టుకునే ఆ తలుపులు పంచదారని లోపలికి రానిస్తాయి గానీ మేకల్ని రానిస్తాయిట్రా?" అని నెత్తి కొట్టుకుని పోయింది.

"ఆ ముక్క ముందే చెప్పాల్సింది" అని ఆమెనే తప్పుపట్టారు.

ఇంత జరిగినా, పిడికెడు పంచదారేసి ముందే కలిపి తొట్లో పెట్టిన పిండి మాత్రం చక్కగా పొంగింది. ఈస్టుకి వీళ్ళ సలహా అక్కర్లేదు మరి. తెల్లారేసరికి రెండొందల బన్నులు ఎర్రగా కాలాయి.

వార్డెనమ్మ ఆటో దిగింది. గవరయ్య గుమ్మానికి చేతులడ్డం పెట్టాడు.

"మీరు పంచదారాండీ?"

"హాస్టలు వార్డెన్ని."

"అయితే రానివ్వడం కుదరదండి."

"నేను రాను. బన్నులు బయటికివ్వు."

"ఇది లోపలికి తెచ్చుకునే తలుపండి. బయటికి పంపేది కాదు."

ఆమె అతన్ని ఎగాదిగా చూసి ఆటో ఎక్కింది. "అవతలి వీధి బేకరీకి పోనీ" అంది.

సన్నమ్మ లబలబలాడింది. "బతుకు పోతోంది, పరుగెత్తి ఆపండి."

"ఎలాగే? అన్నీ లోపలికొచ్చే తలుపులే" అన్నాడు గవరయ్య.

అయిదు కంతలున్న ఇంట్లో బయటికి దారి లేక ముగ్గురూ గిరగిరా తిరిగారు. కంత పడని గోడ ఒక్కటే మిగిలింది. బట్టీ కట్టిన గోడ.

పైడినాయుడు గునపం ఎత్తాడు. ఇంకేముంది, బట్టీ కుప్పకూలింది. ఇటుకల మీంచి దూకి, ఒళ్ళంతా మసితో పరుగెత్తి, వీధి మలుపులో ఆటోని అడ్డగించారు.

"బన్నులేవి?" అంది వార్డెనమ్మ.

గవరయ్య రొమ్ము విరుచుకున్నాడు. "బన్నులదేముందండి, ఇంట్లోనే ఉన్నాయి. ముందు శుభవార్త వినండి. బయటికి పంపడానికి వేరే దారి చేశాం. రేపట్నుంచి ఎన్ని కాల్చమంటే అన్ని కాలుస్తాం."