కడుపుకో ముంత

అనగనగా అంటే నిన్నా మొన్నా కాదు. మీ తాతకు తాత ఇంకా తల్లి చంక దిగని కాలాన ఒక కొండ ఉండేది. కొండ మీద ఒక దొర ఉండేవాడు. కొండ కింద కరువు ఉండేది.

ఎట్లాంటి కరువు? మొదటి ఏడు వాన రాలేదు, జనం గాదెల్లో గింజలు తిన్నారు. రెండో ఏడు వాన రాలేదు, దాచిన విత్తనాలు తిన్నారు. మూడో ఏడు వాన రాలేదు, కలబంద గడ్డలు తవ్వుకుని తిన్నారు, చింతగింజలు దంచుకుని తిన్నారు. ఆ తర్వాత తినడానికేమీ లేక ఒకరి ముఖం ఒకరు చూసుకుంటూ కూర్చున్నారు.

అప్పుడు దొర చాటింపు వేయించాడు.

"కొండ చుట్టూ కోట గోడ కడుతున్నాం. వచ్చి రాళ్ళు మోసినోళ్ళకు పొద్దున అంబలి, మాపున అంబలి. కడుపుకో ముంత!"

కడుపుకో ముంత! ఆ మాట చెవిన పడగానే ఊళ్ళకు ఊళ్ళు లేచాయి. ముసలీ ముతకా, పిల్లా జెల్లా, కడుపు చేతపట్టుకుని కొండ కిందికి చేరారు. అట్లా చేరిన వాళ్ళలో తిప్పక్క ఒకతి.

తిప్పక్కకు మూడుసార్లు కడుపొచ్చింది. మొదటి కడుపు నిలవలేదు. రెండో కడుపు నిలిచింది గానీ, పుట్టిన పిల్ల జ్వరమొచ్చి పోయింది. మూడో కడుపు కరువులో వచ్చింది. మొగుడు తంగేడు వేర్లు ఉడకబెట్టి ఇస్తే అవే తాగి తొమ్మిది నెలలూ మోసింది. పుట్టినవాడు ఏడవలేదు. ఏడవడానికి కూడా వాడిలో బలం లేదు. ఆ బిడ్డను పూడ్చిపెట్టిన తెల్లారి మొగుడు దక్షిణాదికి కూలికి పోతానని పోయాడు. పోయినవాడు మళ్ళీ రాలేదు.

అందుకే తిప్పక్క నోరు అంత గరుకు. పలకరిస్తే కసురుకునేది. "ఏం తిప్పక్కా, బాగుండావా?" అంటే, "బాగుంటే ఈడెందుకుంటా?" అనేది. రాళ్ళు మోసే సత్తువ ఆమెలో లేదని చూసి, పనిమీద ఉన్న మేస్త్రి ఎర్రప్ప ఆమెను అంబలి గంగాళం దగ్గర పెట్టాడు. కట్టెలు ఎగదోయాలి, అంబలి కాయాలి, మనిషికి మనిషికి కొలిచి పోయాలి. అందుకు ఆమెకు పొద్దున ఒక ముంత, మాపున ఒక ముంత, గంగాళం అడుగున అంటుకున్న మాడు. ఆ మాడు గోకి తినడానికి ఆమెకు మాత్రమే హక్కు. చాలామందికి ఆ మాడు మీద కళ్ళుండేవి.

ఒకరోజు పొద్దున బారులో ఉరుకుంది అనే పిల్ల వచ్చి నిలబడింది. పిడికెడు మనిషి. కాళ్ళూ చేతులూ పుల్లలు. పొట్ట మాత్రం ముందుకొచ్చి ఉంది. తిప్పక్క ముంతెడు పోసింది. పిల్ల అక్కడే గుటగుటా తాగి, ఖాళీ చిప్పలోకి చూస్తూ నిలబడింది.

"ఎన్నో నెల?" అంది తిప్పక్క.

"ఆరు."

తిప్పక్క ఇంకో ముంత ముంచి పోసింది. "తాగు. తాగి గమ్మున పో."

ఎర్రప్ప చూశాడు. ఎర్రప్ప చెడ్డవాడు కాదు, మంచివాడూ కాదు. దొర పెట్టిన ఉద్యోగానికి భయపడే మనిషి. తన కళ్ళ ముందే జరిగింది కదా, రేపు ఇంకెవరైనా చెబితే తన పని పోతుంది. అందుకని తానే పోయి దొరకు చెప్పాడు. దొర ఆ ఇద్దరినీ పిలిపించాడు.

"ఏమే, నేనేం చెప్పాను?"

"కడుపుకో ముంత అన్నారు దొరా."

"మరి దీనికి రెండెందుకు పోశావు?"

"దీనికి కడుపుంది దొరా."

"ఎవరికి లేదు? నాకూ ఉంది." దొర తన బొజ్జ నిమురుకున్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. నవ్వకపోతే బాగుండదని నవ్వారు.

"ఆ కడుపు కాదు దొరా. కడుపుతో ఉంది. ఒక కడుపు దానిది, ఇంకో కడుపు లోపలిదానిది. మీ మాట ప్రకారమే పోశా."

"లోపలిది రాయి మోస్తుందా?"

"వాళ్ళమ్మ మోసే రాయి బరువంతా దాని మీదనే పడుతోంది దొరా."

దొర నవ్వు ఆగింది. కోపం తెచ్చుకోలేదు. చాలా మామూలుగా చెప్పాడు.

"పుట్టనీ. పుట్టి, నడిచి, రాయి మోసిన నాడు పోద్దాం. కడుపంటే నా కొట్లో గింజ ఖర్చయ్యే సంచి. అంతకు మించి నాకు తెలీదు. నీకంత కడుపు తరుక్కుపోతుంటే నీ ముంత పొయ్యి. ఎవరొద్దన్నారు?"

తిప్పక్క కొండ దిగి వచ్చింది. దారి పొడుగునా ఉరుకుంది ఏడుస్తూనే ఉంది. "నావల్ల నీకు మాటొచ్చెనే అక్కా."

"ఏడిస్తే ఆకలెక్కువైతాది. ఊరుకో," అంది తిప్పక్క.

మర్నాటి నుంచి తన పొద్దుటి ముంత ఉరుకుందికి పోసింది. మాపటి ముంత తాగి, మాడు గోక్కుని తిని బతికింది.

కొన్నాళ్ళకు మాదక్క అని ఇంకొకతి వచ్చింది. ఆమెకు ఐదో నెల. మొగుడు గోడ మీంచి పడి చచ్చిపోయాడు. ఆమె అడగలేదు. అంబలి పోయించుకుని పక్కకు పోయి, పొట్ట మీద చెయ్యేసుకుని కూర్చుంది. అడిగి ఉంటే తిప్పక్క కసిరి పంపేదేమో. అడగలేదు కాబట్టి చూడకుండా ఉండలేకపోయింది.

"నా కడుపేమన్నా రాతితో చేసినారా? అందరూ నా దగ్గరికే వస్తారు!" అని తిట్టుకుంటూ, తిట్టుకుంటూనే తన మాపటి ముంత తీసుకుపోయి ఆమె చిప్పలో వంచింది.

ఇక తిప్పక్కకు మిగిలింది మాడు. గంగాళంలోకి సగం దూరి, చిప్పతో గీరి, గీరింది నోట్లో వేసుకునేది. మింగేముందు చాలాసేపు నమిలేది. ఒకసారి ఎవరూ చూడకుండా ఉరుకుందికి పోయాల్సిన ముంతలోంచి రెండు గుక్కలు తాగేసింది. ఆ రోజంతా ఉరుకుంది ముఖం చూడలేకపోయింది. మళ్ళీ ఆ పని చేయలేదు.

గోడ లేస్తోంది. మనుషులు రాలుతున్నారు. రాలినవాళ్ళను గోడ పునాది కందకంలోనే వేసి, మీద రాళ్ళు పేరుస్తున్నారు. ఒక్కో పొద్దు బారు కొంచెం చిన్నదవుతోంది.

అప్పుడు మూడో ఆమె వచ్చింది. ఆమె ఎవరో కాదు, మేస్త్రి ఎర్రప్ప కూతురు చౌడి. అత్తగారి ఊళ్ళో అందరూ పోతే, నిండు నెలలతో, కాలినడకన తండ్రిని వెతుక్కుంటూ వచ్చింది. కానీ రాయి మోయనివాళ్ళకు అంబలి లేదు. అట్లాంటివాళ్ళు వస్తే కర్ర పెట్టి తరిమే పని ఎర్రప్పదే. ఎంతోమందిని తరిమాడు కూడా. తన ముంతలో ఇప్పటికే ముసలి తల్లికి సగం పెడుతున్నాడు. మిగిలిన సగం కూతురికి పెట్టాడు. అది ఏ మూలకు?

ఎర్రప్ప గంగాళం దగ్గరికొచ్చి తల దించుకుని నిలబడ్డాడు.

"తిప్పక్కా."

"ఏం మేస్త్రన్నా? మళ్ళీ దొరకేమన్నా చెప్పాల్నా?"

"నా మింద నీకు కడుపుమంట ఉంటాది. ఉండాల్సిందే. అయినా అడుగుతుండా. ఆ పిల్ల నా కడుపున పుట్టిందే. అదొక్కతే మిగిలింది."

తిప్పక్క కట్టె ఎగదోసింది. చాలాసేపు మంటనే చూసింది. ఆమె కడుపులో ఏముందో ఎవరికి తెలుసు? తంగేడు వేర్ల నీళ్ళు తాగిన నెలలే గుర్తొచ్చాయో, ఏడవకుండా పోయిన బిడ్డే గుర్తొచ్చాడో.

"నువ్వు తరిమినోళ్ళలో ఒక పిల్ల ఉండె," అంది చివరికి. "నీలి రవిక. నీ బిడ్డ మాదిరే నిండు నెలలు. గుర్తుందా?"

ఎర్రప్ప ముఖం పక్కకు తిప్పుకున్నాడు. "గుర్తుంది."

"గుర్తుండనీ. మరిచిపోవద్దు." తిప్పక్క లేచి గంగాళంలోకి వంగింది. ఆ రోజు మాడంతా గీరి, కాసిని వేడినీళ్ళు కలిపి, చిప్ప అతని చేతిలో పెట్టింది. "పో. వేడి మీదనే తాగించు."

"మరి నీకు?"

"నాకేముంది? నా కడుపు ఎప్పుడో ఖాళీ అయింది."

అట్లా పొద్దుటి ముంత ఒకరికి, మాపటి ముంత ఒకరికి, అడుగు మాడు ఒకరికి. అందరికీ పోసే ఆమె చేతిలోకి మాత్రం ఏమీ రాలేదు. వేలికి అంటుకున్నది నాకేది. అంతే.

ఒక పొద్దున బారు కదలలేదు. ఏమైందని ముందున్నవాళ్ళు తొంగి చూశారు. తిప్పక్క గంగాళానికి ఆనుకుని కూర్చుని ఉంది. ముంత ఒళ్ళో ఉంది. అంబలి ఉడుకుతూనే ఉంది. ఎర్రప్ప వచ్చి భుజం పట్టి కదిపితే పక్కకు ఒరిగిపోయింది. ఎత్తుకుంటే ఎండు చొప్పకట్టంత బరువు కూడా లేదు.

కందకంలో వేయమన్నారు. ఎర్రప్ప వినలేదు. దొర ఉద్యోగానికి అంత భయపడే మనిషి ఆ ఒక్కరోజు భయపడలేదు. కొండకు దూరంగా చేలగట్టున తానే గొయ్యి తవ్వి, తల తూర్పుకు పెట్టి పూడ్చాడు. ఉరుకుంది, మాదక్క, చౌడి ముగ్గురూ తలా పిడికెడు మన్ను వేశారు. ఉరుకుంది గుండెలు బాదుకుంది.

దొరకు సంగతి తెలిసింది. "ఒక కడుపు తగ్గింది కదా, గింజలు ఆ మేరకు తగ్గించి ఇవ్వండి," అన్నాడు.

వాన ఆ తర్వాత చాలాకాలానికి వచ్చింది. అప్పటికి ఉరుకుందికి నెలలు నిండకముందే కాన్పయింది, బిడ్డ దక్కలేదు. ఆ కడుపుకోత అది చచ్చేదాకా మోసింది. మాదక్కకు కొడుకు పుట్టాడు, బతికాడు. చౌడికి కూతురు పుట్టింది. పుట్టగానే కొండ కింద అందరికీ వినపడేట్టు ఏడ్చింది. ఆ ఏడుపు విని ఎర్రప్ప నేల మీద చతికిలబడ్డాడు. పిల్లకు తిప్పక్క అని పేరు పెట్టారు. దాని పిల్లలు, ఆ పిల్లల పిల్లలు ఇప్పటికీ ఆ చుట్టుపక్కల ఊళ్ళలో ఉన్నారంటారు.

గోడ కూడా ఉంది. గట్టి గోడే. లోపల అంతమంది ఉన్నారు మరి.

ఆ ఊళ్ళలో ఈనాటికీ కడుపుతో ఉన్న ఆడమనిషి తినడానికి కూర్చుంటే, "చాలా?" అని ఎవరూ అడగరు. అడగకుండానే రెండోసారి వడ్డిస్తారు. ఇంట్లో ఉన్నా వడ్డిస్తారు, లేకపోయినా ఎక్కడో ఒకచోట పుట్టించి వడ్డిస్తారు. వడ్డిస్తూ "ఇది తిప్పక్కది" అంటారు. దాన్ని ఆ మనిషి కాదనకూడదు. మెతుకు మిగల్చకుండా తిని, చేయి కడుక్కుని, చేలగట్టు వైపు తిరిగి, కన్నబిడ్డలు చల్లగా ఉన్న తల్లులకు చెప్పే మాట ఒకటి చెబుతుంది.

"నీ కడుపు చల్లగుండ, తిప్పక్కా."