సలోమి దిద్దిన వాక్యం

జకరయ్య మాస్టారిని ఏదైనా అడిగితే అక్కడికక్కడ జవాబు రాదు. వినడం వింటారు, కళ్ళజోడు తీసి పంచెకొంగుతో తుడుచుకుంటారు, "చూద్దాంలే అమ్మా" అంటారు. ఆ తరవాత ఏ రెండు రోజులకో, వారానికో, ఎదురుగా జరుగుతున్న సంగతి ఒకటి చూపించి ఊరుకుంటారు. అదే జవాబు. అర్థమైతే అయినట్టు, లేకపోతే లేదు. ఆయన దగ్గర పాఠం చెప్పడం నేర్చుకుంటున్న రోజుల్లో సలోమికి ఈ అలవాటు చూస్తే ఒళ్ళు మండేది. బీయీడీ మంచి మార్కులతో ప్యాసైన పిల్ల. సూటిగా అడిగినదానికి సూటిగా చెప్పడానికి ఈయనకేం నొప్పి అనుకునేది.

రాజోలు బస్టాండు వెనక రేకుల షెడ్డులో ఉండేది ఆ బడి. గల్ఫు దేశాలకి ఇంటిపనికీ, మంచాన పడ్డవాళ్ళకి సేవ చేసే పనికీ వెళ్ళే ఆడవాళ్ళు అక్కడికొచ్చి నాలుగు ఇంగ్లీషు ముక్కలు నేర్చుకునేవారు. ఏజెంటు ఫోనులో మాట్లాడించి చూస్తాడు. నోరు పెగిలినవాళ్ళు విమానం ఎక్కుతారు, పెగలనివాళ్ళు మళ్ళీ వరిచేలల్లోకి దిగుతారు.

అలాంటి చోట మాస్టారు 'లుక్' అనే ఒక్క మాట పట్టుకుని వారం రోజులు కూర్చున్నారు. లుక్ అంటే చూడటం. పక్కన ఎట్ చేరిస్తే ఒకరివైపు చూడటం, ఫర్ చేరిస్తే వెతకడం, ఆఫ్టర్ చేరిస్తే కనిపెట్టుకుని ఉండటం, ఇంటూ చేరిస్తే ఆరా తీయడం. సలోమి లెక్కలో ఇది ఒక్క పూట పాఠం. మాస్టారి క్లాసు మాత్రం సంతలా ఉండేది. లుక్ ఆఫ్టర్ అనగానే ఒకామె పక్షవాతం వచ్చిన అత్తగారి సంగతి ఎత్తుకునేది. లుక్ ఫర్ అంటే ఇంకొకామె వరదలో మేకపిల్ల కోసం తిరిగిన కథంతా చెప్పుకొచ్చేది. అదీ తెలుగులో. మధ్యలో నవ్వులు, కళ్ళు తుడుచుకోవడాలు. మాస్టారు చెంపకి చెయ్యి ఆనించుకుని, ఎవరు మాట్లాడుతుంటే వాళ్ళ మొహంలోకి చూస్తూ కూర్చునేవారు.

సలోమి ఉండబట్టలేక ఓ సాయంత్రం అడిగేసింది. "మాస్టారూ, క్లాసులో తెలుగు మాట్లాడనిస్తే వీళ్ళకి ఇంగ్లీషు ఎప్పటికొస్తుందండీ? మిగతా కోచింగుల్లో తెలుగు మాట వినపడనివ్వరు. మీరేమో ఆ ఊసులన్నీ వింటూ కూర్చుంటారు. ఎందుకండీ?"

మాస్టారు కళ్ళజోడు తుడుచుకున్నారు. "రేపు నాకు అమలాపురంలో పనుంది. క్లాసు నువ్వు తీసుకో. నీకు నచ్చినట్టే చెప్పు," అన్నారు. ఈసారి జవాబుగా చూపించే సంగతి కోసం ఆయన రోజులకొద్దీ ఎదురుచూడవలసిన పని లేకపోయింది. అలాంటి జవాబు ఆయన కోరుకున్నదీ కాదు.

ఆ క్లాసులో భూలక్ష్మి అని ఒకామె ఉండేది. సఖినేటిపల్లి వైపు మనిషి. మొగుడు కొబ్బరికాయలు దింపడానికి చెట్టెక్కి, పట్టు తప్పి పడి, నడుము దెబ్బతిని, చంకకర్ర మీద నడుస్తున్నాడు. ఇద్దరు పిల్లలు. ఏజెంటు ఫోను ఎల్లుండే. నెల తప్పిందని ఆమెకి తెలుసు. వీసాకి ముందు చేసే మెడికల్ పరీక్షలో బయటపడితే పేరు కొట్టేస్తారని ఎవరికీ చెప్పలేదు. ఆమెకి తెలియనిది ఇంకొకటుంది. బిడ్డ గర్భసంచిలో కాక పక్క గొట్టంలో పడింది. ఆ ఉదయం ఆ గొట్టం చిట్లి లోపల్లోపలే నెత్తురు కారడం మొదలైంది. ఇదంతా తరవాత డాక్టరమ్మ చెప్పిన సంగతి. పైకి చూస్తే మనిషి కాస్త పాలిపోయి ఉందనిపిస్తుంది, అంతే. ఆ పూట ఎవరైనా చెయ్యి పట్టుకుని ఆసుపత్రికి తీసుకెళ్ళి ఉంటే భూలక్ష్మి బతికేది.

క్లాసు మొదలవుతుండగా ఆమె బల్లలు పట్టుకుంటూ సలోమి దగ్గరికి వచ్చింది. "మేడంగారండీ, పొద్దున్నించీ పొత్తికడుపులో పొడిచేత్తందండి," అంది.

సలోమి నవ్వుతూనే వేలు చూపించింది. ఆమె వేలు వెళ్ళి బోర్డు మీద ఆగింది. ఆ రోజు నియమం అక్కడ పెద్దక్షరాలతో రాసి ఉంది. ఈ గదిలో తెలుగు లేదు. తెలుగు మాట్లాడినవాళ్ళు, అదే మాట ఇంగ్లీషులో చెప్పేదాకా నిలబడాలి. సలోమి చెడ్డపిల్ల కాదు, ఆ సంగతి ముందే చెప్పాలి. ఎల్లుండి ఫోనులో ఈమె నోరు పెగలాలని, ఈమె బాగుపడాలని, నిజంగానే కోరుకుంది. కడుపునొప్పని చెప్పడానికి ఇంగ్లీషు వెతుక్కుంటే ఎల్లుండికి ఒక వాక్యం వచ్చినట్టే కదా అనుకుంది.

భూలక్ష్మి తన చోటికి వెళ్ళి నిలబడింది. బల్ల అంచు రెండు చేతులా పట్టుకుంది. పక్కనున్నామె లేచి, "మేడమ్, ఈవిడికి..." అనబోయింది. "ఇంగ్లీష్," అంది సలోమి. ఆవిడ నాలుక కరుచుకుని కూర్చుండిపోయింది. ఎవరి భయం వాళ్ళది. అందరికీ ఏజెంటు ఫోను ఉంది.

పాఠం మాత్రం అద్భుతంగా సాగింది. ఏ మాటకామాటే చెప్పాలి, ఆ షెడ్డులో అంత క్రమశిక్షణ ఎప్పుడూ లేదు. సలోమి బోర్డు మీద రాయడం, ముప్ఫై గొంతులు ఒక్కటై వల్లించడం. లుక్ ఫర్. లుక్ ఇంటూ. లుక్ ఆఫ్టర్. రేకులు అదిరిపోతున్నాయి. మాస్టారు వారం తిప్పలు పడింది గంటలో అయిపోతోందని సలోమికి లోపల పొంగుగా ఉంది. రేపు ఆయన వచ్చాక ఏ ముఖం పెట్టుకుని వింటారో చూడాలనిపించింది.

ఆ సందట్లో వెనకనించి సన్నగా వినపడింది. "మేడమ్. లుక్ మీ."

అంతా కిసుక్కుమన్నారు. భూలక్ష్మి పెదవులు తెల్లగా ఉన్నాయి. జుట్టు చెమటకి నుదుటికి అతుక్కుపోయింది. సలోమి ఆ మాట విన్నది, మాటలో ఏం తక్కువైందో పట్టేసింది, సంతోషపడింది.

"నాట్ లుక్ మీ. వాట్ ఈజ్ మిస్సింగ్? లుక్ ఎట్ మీ. సే ఎగైన్."

"లుక్... ఎట్ మీ, మేడమ్."

"వెరీ గుడ్. ఎవ్రీబడీ, సే ఇట్."

ముప్ఫై మందీ చెప్పారు. సలోమి వెనక్కి తిరిగి ఆ వాక్యాన్ని బోర్డు మీద రాసింది. కింద గీత కూడా గీసింది. అందరి కళ్ళూ ఆ గీత మీదే ఉన్నాయి. బల్ల దభీమని పడ్డ చప్పుడుకి ఆమె తిరిగి చూస్తే భూలక్ష్మి నేల మీద ఉంది. సలోమి నోట్లోంచి ముందు వచ్చిన మాట, "వాట్ హ్యాపెండ్?" అని. అలవాటు అలాంటిది. ఒక్క క్షణం పాటు ఆ గదిలో అందరూ ఇంగ్లీషు కోసం వెతుక్కున్నారు. ఆ తరవాతే ఎవరో తెలుగులో బావురుమన్నారు.

అంబులెన్సు వచ్చింది, ఆసుపత్రిలో చేర్చారు, రక్తం కోసం మనుషులు పరిగెత్తారు. సీసా వచ్చేసరికి పని లేకపోయింది. ఇంకాస్త ముందు తేవలసిందమ్మా అని డాక్టరమ్మ చేతులు కడుక్కుంటూ అంది. తిట్టలేదు. తిట్టినా బాగుండేదని సలోమి అనుకుంది.

కబురు తెలిసి మాస్టారు అమలాపురం నించి తిన్నగా ఆసుపత్రికి వచ్చారు. ఆయన వెనకాలే, చంకలో కర్ర పెట్టుకుని, భూలక్ష్మి మొగుడు సుబ్బారాయుడు ఆటో దిగాడు. లోపలికి వెళ్ళి చాలాసేపు ఉన్నాడు. బయటికి వచ్చాక మొహాన ఏడుపు కూడా లేదు. అందరిలో చదువుకున్నదానిలా కనపడిన సలోమి దగ్గరికి వచ్చాడు.

"మేడంగారూ, ఆఖర్న మీరే దగ్గరున్నారంటగదండి. మా ఆడమనిషి ఏవన్నా అందాండి?"

సలోమి మాస్టారి వైపు చూసింది. అతను, ఈవిడా తేరుకోవాలి కదా అన్నట్టు తలూపి, వెళ్ళి మెట్ల మీద కూర్చున్నాడు. చెప్పేదాకా కదిలే మనిషిలా లేడు.

సలోమి మాస్టారి దగ్గరికి వెళ్ళింది. ఒక్క ముక్క దాచకుండా అంతా చెప్పేసింది. వేలు చూపించింది, నిలబెట్టింది, దిద్దింది, అందరి చేతా అనిపించింది, కింద గీత గీసింది. మాస్టారి చూపు మెట్ల మీదున్న మనిషి మీదే ఉంది.

"ఆయనకి నేనేం చెప్పను మాస్టారూ?" అంది సలోమి. "ఆవిడ ఆఖర్న అన్నది లుక్ ఎట్ మీ ఒక్కటేనండీ."

"అదే, తెలుగులో చెప్పమ్మా," అన్నారు మాస్టారు. "ఆయనకి ఇంగ్లీషు రాదు."