పోలయ్య మాస్టారి వల

అనగనగా అంటే ఎప్పుడని అడగొద్దు. ఓడలు తెరచాపలెత్తుకుని వచ్చే రోజులు. ఒక రేవు ఉండేది. ఆ రేవులో ఒక పెద్దబడి. ఆ బడిలో పిల్లలకు ఇంగ్లీషు నేర్పే పోలయ్య మాస్టారు ఉండేవాడు.

పోలయ్య చేపలు పట్టేవాళ్ళ ఇంటి బిడ్డ. చిన్నప్పుడు నత్తి. నోరు తెరిస్తే అందరూ మొహంలోకి చూసేవారు. చూసేకొద్దీ మాట లోపలికి పోయేది. నాయనమ్మ ఒక్కతే చిరిగిన వల బాగుచేసుకుంటూ, తలెత్తకుండా వినేది. ఆమె దగ్గరే అతనికి మాట వచ్చింది.

అందుకే మాస్టారయ్యాక ఇంగ్లీషు పాఠానికి చిరిగిన వల తెచ్చేవాడు. పిల్లలు చుట్టూ కూచుని ముడులు వేసేవారు. ముడులు వేస్తూ, పొద్దున ఏం తిన్నారో, ఇంట్లో ఎవరు అలిగారో ఇంగ్లీషులో చెప్పేవారు. తప్పు వచ్చినా ఆయన ఆపేవాడు కాదు. "ముందు మాటని బయటికి రానీండి, తర్వాత కడుగుదాం" అనేవాడు.

ఆ బడిలో వరహాలు అనే పిల్ల చదివేది. తండ్రి ఎక్కడో ఉప్పుమడుల దగ్గర పని. ఇంటి భారమంతా తల్లి సన్యాసమ్మదే. బిడ్డ ఒక ముద్ద తక్కువ తింటే జ్వరమేమోనని నుదురు పట్టి చూసేది. జడ వంకరపోతే విప్పి మళ్ళీ వేసేది. మాట తడబడితే అక్కడే ఆపి మళ్ళీ చెప్పించేది. దిద్దగా దిద్దగా పిల్ల ఇంట్లో మాట్లాడటమే మానేసింది.

ఒకనాడు పిల్ల మరిచిపోయిన సద్దిమూట ఇద్దామని సన్యాసమ్మ బడికెళ్ళింది. కిటికీలోంచి చూసింది. వరహాలు గలగలా మాట్లాడుతోంది. ఏ మాటా సన్యాసమ్మకు అర్థం కాలేదు. మాస్టారు నవ్వాడు. పిల్లా నవ్వింది. సన్యాసమ్మ కడుపులో నిప్పు పడింది. కన్నది నేను, మాటలు ఆయనకా అనుకుంది.

ఆ సాయంత్రం బెల్లం ఉండలు పెట్టి, బిడ్డని ఎదురుగా కూచోబెట్టుకుని రెప్ప వేయకుండా చూసింది. "సెప్పే అమ్మా, బడిలో ఏటి సెప్పేవు?" పిల్ల ఉండలు తింది. మాట చెప్పలేదు.

ఇంకోనాడు కొత్త పరికిణీ కట్టి, ఎదురుగా కూచోబెట్టుకుని అడిగింది. పిల్ల పరికిణీ చూసుకుంది. మాట చెప్పలేదు.

ఇంకోనాడు తనే ఏడ్చింది. పిల్లా ఏడ్చింది. మాట మాత్రం చెప్పలేదు.

ఇక ఓర్చుకోలేక సన్యాసమ్మ ఊరి పెద్దల దగ్గరికి పోయి, మాస్టారి మీద తగువుందని చెప్పింది. మాస్టారు పాఠం మానేసి పిల్లల చేత వలలు కట్టించుకుంటున్నాడని, బడిలోంచి తీసెయ్యాలని చెప్పాలనుకుంది. పెద్దలు బడి అరుగు మీద కూచుని ఇద్దర్నీ పిలిపించారు. పిల్లలంతా చేరారు. అందరి కళ్ళూ సన్యాసమ్మ మీదే. చెప్పమన్నారు. నాలుక పిడచగట్టింది. మళ్ళీ అడిగారు. పెదవి కదల్లేదు. మూడోసారి గద్దించారు.

అప్పుడు పోలయ్య లేచి వచ్చి వల కొసని ఆమె ఒళ్ళో వేశాడు. "ఇక్కడ తెగింది, కాస్త పట్టుకోమ్మా" అని పక్కకి తిరిగి తన పని తను చేసుకున్నాడు.

సన్యాసమ్మ తల వంచుకుంది. ఒక ముడి వేసింది. ఇంకో ముడి వేసింది. మూడో ముడికి మాట వచ్చింది. అనుకున్న మాట కాదు.

"ఈయన తప్పేటీ లేదు బాబూ. నా బిడ్డ ఈయనకి సెప్పినట్టు నాకు సెప్పదు. ఓర్వలేక వచ్చేను."

దీనికా మమ్మల్ని చేపల వేట మానిపించావని ఒక ముసలాయన గొణుక్కుంటూ లేచాడు. మాస్టారి కొలువు నిలిచింది.

ఇంటికెళ్ళి సన్యాసమ్మ చిక్కుడుకాయలు ముందేసుకుంది. బిడ్డ వైపు చూడాలని మెడ లాగేస్తోంది. చూడలేదు. చాలాసేపటికి వరహాలు వచ్చి పక్కన కూచుని ఒక కాయ అందుకుంది. బడిలో ఆవేళ చెప్పింది అమ్మ జడ వేస్తూ పాడే పాట గురించేనని, తడబడుతూ తడబడుతూ చెప్పింది. మాట తప్పిన చోటల్లా సన్యాసమ్మ నాలుక కరుచుకుంది గానీ దిద్దలేదు.

అంతటితో ఆమె అసూయ చల్లారిందనుకోకండి. చాన్నాళ్ళకు మాస్టారు పోయాడు. వరహాలు ఏడ్చిన ఏడుపు చూసి, రేపు నేను పోతే ఇంతగా ఏడుస్తుందా అని సన్యాసమ్మకు మళ్ళీ కడుపు మండింది. మండినా బిడ్డని ఏడవనిచ్చింది.

ఇప్పటికీ ఆ రేవులో పిల్లలు బడి నుంచి వస్తే తల్లులు ఏదో ఒక పని ఒళ్ళో వేసుకుంటారు. "పోలయ్య వల పరిచాం, సెప్పుకోండర్రా" అంటారు. బిడ్డ ఆ ముచ్చట ముందే ఇంకొకరికి చెప్పి వచ్చిందని తెలిసినా, ఎవరికి చెప్పావని అడగరు. కళ్ళెత్తకుండా, "ఊఁ, అయితే?" అంటారు.