సన్నాయి ఆగే మలుపు

ఆలకింపుల కోనకు వచ్చే భక్తులు మొదట గమనించేది అమ్మవారి మెడ. తల ఎడమ భుజం వైపు కాస్త ఒరిగి, ఎవరి మాటో వింటున్నట్టు ఉంటుంది. ఉత్సవం నాడు పల్లకి కొండ ఎక్కుతూ లోయ మలుపు చేరగానే సన్నాయి ఠక్కున ఆగిపోతుంది. కొత్తవారు ఏమైందోనని కంగారు పడతారు. ఆ రెంటికీ కారణం ఒక్కటే.

పూర్వం ఇక్కడ తిరుపాలు అనే సన్నాయి విద్వాంసుడు ఉండేవాడు. విద్యకు కొదవ లేదు, నిలకడే లేదు. శ్రుతి పట్టేవాడిని కసిరేవాడు, తాళం వేసేవాడిని తొందరపెట్టేవాడు. డోలు వాయించే బావమరిది కొండన్న అతనికి జడిసి అతని వెంటే పరుగెత్తేవాడు. మేళమంటే తన సన్నాయేనని తిరుపాలు నమ్మకం.

అయితే పల్లకి మోసే బోయీలు అడుగు వేసేది డోలు దెబ్బకు. ఆ ఏటి ఉత్సవంలో లోయ మలుపు దగ్గర తిరుపాలుకు ఊపు వచ్చి, వేగం పెంచాడు.

"బావా, బోయీలు అందుకోలేకుండారు. నిదానించు!" అని కొండన్న అరిచాడు.

తిరుపాలు సన్నాయి నోటి నుంచి తీసి, "వాళ్లతో నీకేం పనిరా? నా ఎంబడి రా!" అని కసిరి మళ్లీ అందుకున్నాడు.

కొండన్న బావ వేగాన్నే పట్టాడు. ముందు బోయీల అడుగు ఒకటైంది, వెనుకవారిది మరొకటైంది. పల్లకి ఒరిగి, అమ్మవారు మంచు కమ్మిన లోయలోకి జారిపోయారు.

దీపాల వేళకు పీఠం ఖాళీగా ఉంటే కోనకు దిక్కెవరు? తిరుపాలు లోయలోకి దిగి పిచ్చివాడిలా తిరిగాడు. తన నాదానికి అమ్మ పలకకపోతుందా అని ఊదాడు. అదే నాదం కొండకు తగిలి తిరిగి వచ్చింది. ఉండబట్టలేక మళ్లీ ఊదాడు. చివరకు ఊపిరి చాలక బండ మీద కూలబడ్డాడు.

అప్పుడు గానీ అతనికి లోయ వినపడలేదు. మొదట అంతా ఒకటే హోరు. చెవి పెట్టగా పెట్టగా అది విడివడింది. అడుగున వాగు శ్రుతిలా తెంపు లేకుండా సాగుతోంది. దాని మీద రాతి నుంచి నీటిబొట్లు తాళం వేస్తున్నాయి. వెదురు పొదలో గాలి ఆగి ఆగి పలుకుతోంది. ఏదీ మరొకదాన్ని తొక్కడం లేదు. వాటి సందుల్లోంచి, నీటి తాకిడికి కదిలే అమ్మవారి కాలి మువ్వ వినిపించింది. ఇంతసేపూ అది మోగుతూనే ఉందని తెలిసి తిరుపాలు బావురుమన్నాడు.

ఆ మువ్వ సవ్వడిని బట్టి విగ్రహం దొరికి, దీపాల వేళకు అమ్మవారు పీఠం చేరారు గానీ, పడిన దెబ్బకు మెడ ఒరిగిపోయింది. పెద్దలు కొత్త విగ్రహం పోయించాలన్నారు. ఆ తెల్లవారుజామున అమ్మవారు తిరుపాలు కలలో కనిపించి, "ఇన్నేళ్లూ నీ సన్నాయి ఒక్కటే విన్నాను. కొండన్న దెబ్బ, బోయీల ఊపిరి విందామని చెవి ఒగ్గాను. నా మెడ సరిచేయొద్దు నాయనా" అని పలికారు.

నాటి నుంచి ఆ మలుపులో సన్నాయి ఆగుతుంది. డోలు, తాళం, బోయీల అడుగులు ఒక్కటైనట్టు వినపడ్డాకే మళ్లీ కలుస్తుంది. మాట పొసగని ఇళ్లవారు ఇక్కడ చెవి ఒగ్గి నిలబడితే ఇంట మాట కలుస్తుందని నమ్మకం. నేటికీ సన్నాయి పట్టేది తిరుపాలు వంశంవారే. ఆ మలుపులో, ఊదాలన్న తొందరకు వారి వేళ్లు సన్నాయి మీద కుదురుగా నిలవవు, పెదవులు అదురుతాయి. అయినా ఊదరు.