గుడ్డి కొంగ తన తెలుపుని ఎక్కడ దాచుకుంది

ఒకప్పుడు, ఇప్పుడు మనం గుడ్డి కొంగ అని పిలిచే పిట్టకి ఒంటి మీద ఒక్క మట్టిరంగు ఈక కూడా ఉండేది కాదు. మెడా తెలుపే, వీపూ తెలుపే, రెక్కలూ తోకా అన్నీ తెలుపే. ఉతికి ఆరేసిన పంచెలా ఉండేది. అరకోసు దూరం నుంచి చూసినా, అదుగో కొంగ అని ఎవరైనా చెప్పేసేవారు. పాపం దాని చిక్కంతా అక్కడే వచ్చింది.

అది ఒక పెద్ద ఆవ ఒడ్డున ఉండేది. ఆవ అంటే అవతలి ఒడ్డు కనపడనంత చెరువు, సగం నీళ్ళూ సగం తుంగానూ. ఒడ్డున తుమ్మచెట్టు మీద కొంగ గూడు, గూట్లో మూడు పిల్లలు. పొద్దు పొడిచింది మొదలు ఆ మూడు నోళ్ళూ తెరుచుకునే ఉండేవి.

కొంగ చేపలు పట్టే పద్ధతి ఒక్కటే. ఒడ్డు వారన నీళ్ళలో నిలబడాలి. కదలకూడదు, మెదలకూడదు. అది కొంగ కాలు కాదు, తుంగ కాడ అనుకుని చేప దగ్గరికి రావాలి. అప్పుడు ఠక్కున పొడవాలి. ఈ పని జరగాలంటే చుట్టుపక్కల అడుగుల చప్పుడు ఉండకూడదు.

ఆ చప్పుడు దాలయ్యతో వచ్చింది. దాలయ్య ఆవలో పడవ నడిపే ముసలాయన. ఏ పిట్ట ఎక్కడ మేస్తుందో, ఏది ఎలా కూస్తుందో ఆయనకి తెలిసినట్టు ఇంకెవరికీ తెలీదు. పిట్టల పేర్లు బొత్తిగా తెలియని జనం చుట్టుపక్కల ఊళ్ళ నుంచి పిల్లాజెల్లాతో వచ్చి, మాకూ చూపించవా అని ఆయన్ని అడిగేవారు. పదిహేనుమంది పోగవగానే, ఎండెక్కకముందే, వాళ్ళని వెంటబెట్టుకుని ఒడ్డు వెంట బయల్దేరేవాడు.

దాలయ్యకి కొన్ని కట్టుబాట్లు ఉండేవి. ఎర్రబట్టలు కట్టుకుని రాకూడదు. పిట్టకేసి వేలు చూపించకూడదు. ‘ఆ ఎండుమోడు ఉందా, దానికి ఎడమపక్కన రెండు బారలు’ అని మెల్లిగా నోటితోనే గురి చెప్పాలి. తిరగడం అయ్యాక అందరూ తుమ్మచెట్టు నీడన కూర్చుని అటుకులు తినేవారు. అప్పుడు ఒక్కొక్కరూ తాము చూసిన పిట్ట పేరొకటి చెప్పాలి. చెప్పినవాళ్ళ చేతిలో దాలయ్య ఒక చింతపిక్క పెట్టేవాడు. కళ్ళారా చూడనిది మాత్రం చెప్పకూడదు.

ఈ వ్యవహారం కొంగకి ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. పదిహేనుమంది మనుషులు వస్తారు. వలలు తేరు, రాళ్ళు విసరరు. తనకి ఎదురుగా నిలబడి, నోళ్ళు తెరుచుకుని తననే చూస్తారు. ఏం చూస్తున్నారో తెలియక కొంగ తన కాళ్ళకేసి చూసుకునేది. వెనక్కి తిరిగి చూసేది, తన వెనకాల ఇంకేదైనా ఉందేమోనని. ఏమీ ఉండేది కాదు. చూసి చూసి వాళ్ళు వెళ్ళిపోయేవారు. పట్టుకోరు, తినరు, మరి ఎందుకు వచ్చినట్టు?

వచ్చినవాళ్ళు ఊరికే పోలేదు. అన్ని పాదాలు ఒక్కచోట అటూ ఇటూ తొక్కేసరికి చేపలన్నీ లోతుకి పారిపోయేవి. అవి సద్దుమణిగి తిరిగొచ్చేసరికి మిట్టమధ్యాహ్నం. మొదట్లో నెలకోసారి వచ్చే గుంపు, ఆ నోటా ఈ నోటా పడి, రెండు రోజులకోసారి రావడం మొదలెట్టింది. గూట్లో పిల్లలు అరిచి అరిచి అలిసిపోయేవి. ఒకరోజు అన్నింట్లోకీ చిన్నది నోరు తెరవడం మానేసింది.

కొంగ ఏడుపు మొహంతో లకుముకి పిట్ట దగ్గరికి వెళ్ళింది. ఈ ఆవలో ఇన్ని పిట్టలుండగా వీళ్ళు నా ఒక్కదాని మీదే ఎందుకు పడ్డారని అడిగింది. లకుముకి నవ్వింది. కొత్తవాళ్ళకి మొదట పెద్దదీ, తెల్లనిదీ, కదలకుండా నిలబడేదీ చూపిస్తే వాళ్ళకి ధైర్యం వస్తుందట. ముందే నాలాంటి బుల్లిదాన్ని చూపిస్తే, మాకు కనపడలేదని మొహం మాడ్చుకుని ఇంటికి పోతారట. దాలయ్య బడిలో మొదటి పాఠానివి నువ్వేనంది లకుముకి. పాఠమంటే ఏమిటో కొంగకి తెలీదు. తెలియకుండానే తల ఊపి వచ్చేసింది.

మర్నాడు అది తిన్నగా వెళ్ళి దాలయ్య పడవ కొస మీద వాలింది.

“దాలయ్యా, నా చిన్నపిల్ల నోరు తెరవటంలేదు. నీ మనుషులు నా చేపల్ని బెదరగొడుతున్నారు. నేను నీకేం అపకారం చేశాను?”

దాలయ్య చేతిలో తెడ్డు ఆగిపోయింది. ఇన్నాళ్ళూ తుమ్మచెట్టు కిందే కూర్చుని అటుకులు తిన్నాడు గానీ, పైన గూట్లో ఆకలి సంగతి ఆయనకి తట్టలేదు. సిగ్గుపడ్డాడు. “తప్పైపోనాది తల్లీ,” అన్నాడు. “ఇంక ఆ పక్కకి ఎవుల్నీ తీసుకురాను.”

అన్నట్టే ఆ మరుసటిసారి గుంపుని అవతలి దారిన నడిపించాడు. కొంగ పేరే ఎత్తలేదు. కానీ ఏం లాభం? గుంపులో పిల్లలు తలతిప్పి, అరకోసు దూరాన ధగధగలాడుతున్న తెల్లటిదాన్ని చూసి అటే పరిగెత్తారు. వాళ్ళ వెనక తల్లులు, వాళ్ళ వెనక తండ్రులు, అందరి వెనకా వద్దురా వద్దురా అంటూ దాలయ్య. చేపలు మళ్ళీ పోయాయి.

దాలయ్య తల గోక్కుంటూ, నేను చూపించలేదు తల్లీ, నువ్వే కనబడిపోయావు అన్నాడు. కొంగకి బుర్ర తిరిగిపోయింది. కనబడటం కూడా తన తప్పేనా? కనబడకుండా ఉండటం ఎలాగో దానికి ఎవరూ నేర్పలేదు మరి. దిక్కుతోచక ఒడ్డున కూలబడింది. కూలబడినచోట బురద ఉంది.

బురద ఎప్పుడూ పడుకునే ఉంటుంది కదా, పడుకునే అడిగింది, ఏమిటి నీ గోల అని. కొంగ చెప్పుకుంది. బురద కాసేపు ఆలోచించి, నన్ను ఇంతవరకూ ఎవరూ చూడటానికి రాలేదు, నా రంగు నీకూ పూస్తే నిన్నూ చూడరు అంది. కానీ ఒక మాట ముందే చెప్పింది. ఎండ తగిలినచోట మూడు రోజుల్లో తను అంటుకుపోతుంది. ఆ తర్వాత ఎంత కడిగినా వదలదు.

కొంగ ఇంకేం ఆలోచించలేదు. పిల్ల బతికితే చాలనుకుంది. బురదలో అటూ ఇటూ దొర్లింది. మెడా వీపూ అయ్యాక రెక్కలు విప్పి వాటికీ పూసుకుంది, తోకకీ పూసుకుంది. తర్వాత రెక్కలు ముడుచుకుని, మెడ లోపలికి లాక్కుని ఒడ్డున కూర్చుంది. అచ్చం మట్టిబెడ్డలా ఉంది. పక్కనుంచి పోయిన నీటికాకి కూడా పలకరించలేదు.

రెండో రోజు గుంపు వచ్చింది. కొంగ పక్కనుంచే, అడుగు దూరం నుంచే నడిచిపోయారు. ఒక్కరూ ఆగలేదు. వాళ్ళు పోయిన కాసేపటికే చేపలు తిరిగొచ్చాయి. కొంగ ఒకటి పట్టింది, రెండు పట్టింది, మూడోది పట్టి గూటికి ఎగిరింది. చిన్నపిల్ల నోరు తెరిచి మింగింది. ఆ క్షణాన కొంగకి కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు.

అది గూట్లో ఉండగానే కింద నీడలో జనం అటుకుల మూటలు విప్పారు. వరసగా పేర్లు చెబుతున్నారు. ఒకరు లకుముకి అన్నారు, ఒకరు తీతువు అన్నారు, ఒక బుడతడు బుడబుంగ అన్నాడు. చివరన అసిరమ్మ అనే ముసలమ్మ కూర్చుని ఉంది. మనవరాలితో ప్రతిసారీ వస్తుంది. కళ్ళలో పొరలొచ్చి ఆమెకి చూపు సరిగా ఆనదు. లోకమంతా ఆమెకి పొగమంచే. ఆ పొగమంచులో ఇన్నాళ్ళూ ఆమెకి కనపడిన పిట్ట ఒక్కటే. ప్రతిసారీ తెల్లకొంగ అని చెప్పి, చింతపిక్క పుచ్చుకుని, దాన్ని కొంగున ముడేసుకునేది.

ఈసారి తన వంతు రాగానే అసిరమ్మ తల అడ్డంగా ఊపింది. దాలయ్య ఊరుకోలేక, ఏదో ఒకటి చెప్పప్పా అని పిక్క చేతిలో పెట్టబోయాడు. ఆమె చెయ్యి వెనక్కి తీసుకుంది.

“సూడంది సూశానని ఎలా సెప్తాను నాయినా? నాకిక పిట్టల్లేవు. రేపట్నుంచి నేను రాను, మీ వెనకాల బరువెందుకు.”

కొమ్మ మీద కొంగ ఆ మాట విన్నది. విని అయోమయంలో పడింది. తను ఆ ముసలమ్మకి ఎన్నడూ ఏమీ ఇవ్వలేదు. చేప ఇవ్వలేదు, పాట పాడలేదు, ఊరికే నిలబడింది. ఊరికే నిలబడినదాన్ని చూస్తే ఆమెకి ఏం వచ్చింది? ఇప్పుడు చూడకపోతే ఏం పోయింది? తెలీదు. ఏమీ పోకపోతే మరి తన మనసెందుకు ఇంత పీకుతోంది? అదీ తెలీదు. ఆ సాయంత్రం దానికి తిన్న చేప సయించలేదు.

మూడో రోజు పొద్దున్నే బురద దగ్గరికి పరిగెత్తి, నీ రంగు నువ్వు తీసుకో అంది. బురద విసుక్కుంది. మెడా వీపూ ఎండకి అప్పుడే అంటుకుపోయాయి, అవి ఇక రావంది. ముడుచుకున్నచోట, రెక్కల మడతల్లోనూ వాటి కింద దాగిన తోకమీదా మాత్రం ఇంకా తడి ఆరలేదు, కావాలంటే అవి కడుక్కోమంది. కానీ తెలుపు బయటపడితే గుంపు మళ్ళీ మీద పడుతుంది, నీ పిల్లల గతేమిటని నిలదీసింది.

కొంగ నీళ్ళలో నిలబడి చాలాసేపు తికమకపడింది. కడుక్కుంటే పిల్లలు పస్తు, కడుక్కోకపోతే ఆ ముసలమ్మకి లోకంలో ఒక్క పిట్టా లేదు. రెక్క విప్పింది, ముడిచింది. మళ్ళీ విప్పింది, మళ్ళీ ముడిచింది. అలా నాలుగుసార్లు చేశాక, నీళ్ళలో తన నీడ చూసుకుని ఆగిపోయింది. ముడిస్తే లోపల ఏముందో తనకే కనపడటంలేదు. ఇంకేం, రెక్కలూ తోకా గబగబా కడిగేసుకుంది.

ఆ తర్వాత గుంపు వచ్చిన రోజున అసిరమ్మ రానంటే రానందట. మనవరాలు చెయ్యి పట్టి లాక్కొచ్చింది. ఆమె అందరికంటే వెనక, ఒక్కో అడుగూ తడుముకుంటూ నడుస్తోంది. కొంగ ఒడ్డున బెడ్డలా కూర్చుని ఉంది. దాలయ్య దాటిపోయాడు, తండ్రులు దాటిపోయారు, పిల్లలు దాటిపోయారు. ఒక పిల్లాడి కాలు దాని తోక పక్కనే పడింది. కొంగ కదలలేదు. అసిరమ్మ దగ్గరికి వచ్చింది. ఇంకొక్క అడుగేస్తే తొక్కేస్తుంది. అప్పుడు కొంగ రెక్కలు రెండూ పూర్తిగా విప్పి, ఆమె మొహం ముందునుంచి లేచింది.

అసిరమ్మ నిలబడిపోయింది. ముందున్నవాళ్ళంతా వెనక్కి తిరిగారు. తెల్లటి పిట్ట ఒకటి నీళ్ళ మీదుగా పోయి, తుంగ దగ్గర వాలి, వాలినచోటే మాయమైపోయింది.

ఇక చూసుకోండి తమాషా. అందరూ తుంగ దగ్గరికి వెళ్ళి వెతికారు. ఒక మట్టిబెడ్డ ఉంది, తెల్లపిట్ట లేదు. వాళ్ళు ఇటు తిరగ్గానే వెనకనుంచి మళ్ళీ తెల్లపిట్ట లేచింది, మళ్ళీ వాలింది, మళ్ళీ లేదు. అటుకుల దగ్గర పెద్ద తగువే అయింది. అది తెల్లదని కొందరు, కాదు మట్టిరంగుదని కొందరు, రెండు పిట్టలని ఇంకొందరు. దాలయ్యకి ఇన్నేళ్ళలో ఎప్పుడూ ఇలా కాలేదు. దీనికి ఏం పేరు చెప్పాలో, ఎన్ని పిక్కలు పంచాలో ఆయనకి పాలుపోలేదు. ఎవరి మాట ఎవరూ వినటంలేదు.

అంతమందిలో కంగారుపడనిది అసిరమ్మ ఒక్కతే. మట్టిరంగు కొంగ ఆమె కళ్ళకి ఆనితే కదా, అనుమానపడటానికి. ఆమె చెయ్యి చాపి, నవ్వుమొహంతో చెప్పింది.

“ఒక్కటే పిట్ట. తెల్లది. నేను సూశాను.”

జనమంతా తుంగ దగ్గర వెతుకుతుంటే ఒడ్డు వారన చేపలు బెదరలేదు. పైన కొమ్మ మీద మూడు పిల్లలూ కడుపునిండా తిని కునుకు తీస్తున్నాయి. కొంగ వాటి పక్కన కూర్చుని ఆ మాట విన్నది. మనుషులు పిట్టల్ని ఎందుకు చూస్తారో దానికి అప్పటికీ అర్థంకాలేదు. అయినా మనసు పీకడం మాత్రం ఆగిపోయింది.

అప్పటినుంచే ఆ కొంగా, దాని పిల్లలూ, ఆ పిల్లల పిల్లలూ నీళ్ళ ఒడ్డున కూర్చుంటే మట్టిబెడ్డల్లా ఉంటాయి. మన కాలు మీద పడబోయేదాకా కదలవు. కళ్ళు లేవేమోనని జనం వాటికి గుడ్డి కొంగలని పేరు పెట్టారు గానీ, అవి మనల్ని చూస్తూనే ఉంటాయి. లేచి ఎగిరినప్పుడు మాత్రం రెక్కలు తెల్లగా విచ్చుకుంటాయి, చూపు ఆనని వాళ్ళకి కూడా కనపడేటంత తెల్లగా.