లక్క చెదరని తొడుగు

వేములదిన్నె దొరకు కొత్త కారొచ్చింది. ఊరంతా చూడాలని తనే నడుపుతూ ఊరేగాడు. డ్రైవరు కోటిలింగాన్ని మాత్రం గొడ్లను తప్పించమని కారు ముందు పరిగెత్తించాడు. తీరా దిగేసరికి దొర వేలికి వజ్రపుటుంగరం లేదు. "నా ఉంగరం పోవడానికి కారణమైనవాణ్ణి కట్టెయ్యండి," అంటూ కోటిలింగాన్ని చూపించాడు. నౌకర్లు అతన్ని షెడ్డు స్తంభానికి కట్టేశారు. ఆనక, స్టీరింగు తిప్పితే లోపలేదో గలగలమంటోందని దొర మెకానిక్కు సైదులుకి కబురంపాడు.

సైదులు స్టీరింగు ఒకసారి తిప్పి, ఆ చప్పుడేమిటో కనిపెట్టేశాడు. తాడు ఒరుసుకుపోయిన కోటిలింగం చేతులు చూస్తే ఒళ్లు మండిపోయింది. అయినా తమాయించుకుని, అందరూ వినేలా అడిగాడు.

"స్టీరింగు కింద ఈ తొడుగు ఎవరైనా విప్పారా దొరా?"

"నా కారు మీద చెయ్యేసే ధైర్యం ఎవడికుందిరా? స్క్రూల మీద కంపెనీవాళ్ల లక్క చూడు, చెక్కుచెదరలేదు."

సైదులు ఆ లక్కను అందరికీ చూపించి, గీకేసి, స్క్రూలు తీసి తొడుగు లాగాడు. ఉంగరం ఠంగుమని కిందపడింది.

"చూశారా, ఈ దొంగవెధవే దాచాడు," అన్నాడు దొర.

"లక్క పగలకుండా ఎలా దాస్తాడు దొరా? స్టీరింగు పక్కనున్న ఈ సందులోంచి జారింది. అప్పుడు స్టీరింగు పట్టింది తమరు. అతను కారు ముందు పరిగెడుతున్నాడు, ఊరంతా చూసింది."

సైదులు వెళ్లి కోటిలింగం కట్లు విప్పాడు. ఆ తాడు పట్టుకొచ్చి దొర ముందు నిలబడ్డాడు.

"ఉంగరం పోవడానికి కారణమైనవాణ్ణి కట్టెయ్యమన్నది తమరి హుకుం. ఇప్పుడెవర్ని కట్టమంటారు దొరా?"