ఊడవని చోట మొలిచిన దేవదారు

అనగా అనగా ఒక రాజు. ఏడు సముద్రాల అవతల ఆయనదొక మంచుకొండ రాజ్యం. కొండ నిండా దేవదారు చెట్లు. తలెత్తి చూస్తే తలపాగా వెనక్కి పడిపోవాలి, అంత పొడుగు! ఏం లాభం? అన్నీ ముసలి చెట్లే. ఒక్క పిల్లమొక్క లేదు. ఏటేటా కూలేవి కూలిపోతున్నాయి.

ఒకనాడు ధూమకేశుడనే మాంత్రికుడు వచ్చాడు. "రాజా, మీ ఆఖరి ముసలిచెట్టు కూలిన రోజున నీ కూతురు హిమగౌరిని నాకిచ్చి పెళ్లి చెయ్యాలి. కాదన్నావా, రాజ్యాన్ని మంచులో కప్పెట్టేస్తా!" అన్నాడు. వాడి ప్రాణమేమో ఒక చిలకలో ఉంది. ఆ చిలక పసి దేవదారు మీద తప్ప ఎక్కడా వాలదు.

ఈ కబురు విని ముగ్గురు రాకుమారులు, అన్నదమ్ములు, ఏడు సముద్రాలూ దాటి వచ్చారు. పెద్దవాడు ఎండ కాసే బోడిమిట్ట మీద దేవదారు గింజలు చల్లాడు. మొలిచాయి, మాడిపోయాయి. నడిపివాడు చిమ్మచీకటి నీడలో చల్లాడు. మొలిచాయి, పాలిపోయి వాలిపోయాయి. చిన్నవాడు మణికేతు సగం ఎండా సగం నీడా పడేచోట చల్లాడు. మొలిచాయి. చూసుకుని మురిసిపోయాడు పిచ్చినాయన! మర్నాడు వెళ్తే నేల నున్నగా ఉంది.

ఏమైందా అని చూస్తే, ఊరి జనం చీపుళ్లు పట్టి అడవంతా ఊడ్చేస్తున్నారు. పడిన మానుల్ని ఈడ్చేస్తున్నారు, నాచు గీకేస్తున్నారు. వాళ్లలో హిమగౌరి కూడా ఉంది.

"ఇదేం పని రాకుమారీ?"

"కొండతల్లికి శుభ్రం ఇష్టమటండీ. మా తాతల నాడు పొగలాంటి జుట్టున్న సాధువొకాయన చెప్పాడట."

పొదలోంచి ఎలుగుబంటి పకపకా నవ్వింది. "ఆ పొగజుట్టువాడే మీ ధూమకేశుడే, వెర్రిపిల్లా! పసిబిడ్డను కటికనేల మీద పడుకోబెడతారా ఎవరైనా? పడిన మాను కుళ్లితే అది పరుపు. నాచు మెత్తటి పక్కబట్ట, తడి ఆరనివ్వదు. చలికాలం మంచే దుప్పటి. అన్నీ ఊడ్చేసి, పిల్లలు లేరని ఏడిస్తే ఎలా?"

జనం భయపడ్డారు. ఊడవకపోతే కొండతల్లికి కోపం రాదూ?

"వస్తే నా మీదే రానీ," అని హిమగౌరి చీపురు అవతల పారేసింది.

కుళ్లిన మాను మీద, నాచులో, మణికేతు గింజలు పెట్టాడు. మేకలు రాకుండా ముళ్లకంప కట్టాడు. చలికాలం పోయింది, ఎండాకాలం వచ్చింది. మళ్లీ చలికాలం, మళ్లీ ఎండాకాలం. మొక్క జానెడైంది. ఈలోగా ముసలిచెట్లు ఒక్కొక్కటే కూలిపోయి, కొండ మీద ఒక్కటంటే ఒక్కటి మిగిలింది. అదీ ఒకనాడు ధనాలున కూలింది.

"ఏదీ నా పెళ్లికూతురు?" అంటూ ధూమకేశుడు ఊడిపడ్డాడు.

సరిగ్గా అప్పుడే పసిమొక్క కనబడి చిలక రివ్వున దిగింది. దాని బరువుకి మొక్క వంగింది. మణికేతు ఉత్తరీయం విసిరి చిలకను పట్టేశాడు.

"బాబ్బాబూ, గట్టిగా పట్టకు! ప్రాణం పోతోంది!" అని ధూమకేశుడు గిలగిల్లాడాడు.

"పట్టనులే మామా. ఈ అడవికి మేకలు రాకుండా కాపలా కాస్తావా?"

"కాస్తా, కాస్తా!"

కూలిన చెట్టును ఈడ్చడానికి జనం తాళ్లు తెచ్చారు. హిమగౌరి చెయ్యి అడ్డం పెట్టింది. "ఉండనివ్వండి. అది పిల్లల పక్క."

రాలిన ఆకుల మీదే పీటలు వేసి మణికేతుకీ హిమగౌరికీ పెళ్లి చేశారు. ఆ పసిమొక్క పెద్దదై, తన గింజలు తనే రాల్చేదాకా వాళ్లు చల్లగా రాజ్యమేలారు. ధూమకేశుడు మేకల్ని అదిలిస్తూనే ఉన్నాడు.

కథ నాచు పరుపెక్కి పడుకుంది. ఇక మీరూ దుప్పట్లు కప్పుకోండి, బంగారాలూ.